ఎటాక్ పెంచితే

"ఒరేయ్, ఆ పెట్టె ఇంట్లో మోగించకురా. ఆ చప్పుడుకి మీ డాడీకి మళ్ళీ ఏదన్నా అయితే నేనేం చెయ్యను?"

ఆరన్ ఇంకా ప్లగ్గయినా పెట్టలేదు. జయమణికి మాత్రం అప్పుడే అంబులెన్సు వాకిట్లో ఆగినట్టుంది.

చలికాలం మొదట్లో పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి భర్త సంతోషం గారి నోట మాట లేదు. కెనడాలోని హాలిఫాక్స్ తెలుగు క్రిస్టియన్ ఫెలోషిప్‌లో ఏ పాటైనా ముందు ఆయన ఎత్తాల్సిందే. ఇప్పుడు స్టూడెంట్లు వచ్చి పడ్డాక కుర్చీలు చాలక గోడల వెంట నిలబడుతున్నారు గానీ, పాట ఎత్తే గొంతే లేదు. పాట దారిన మాట రావచ్చన్నారు హాస్పిటల్లో. మంచు కరిగిపోయింది, మాట రాలేదు. ఇక ఆశ వదులుకోమని వాళ్ళు చెప్పబోతున్నారని ఆవిడ భయం.

ఒకప్పుడు ఏది అడిగినా ఆయన "ఊఁ" అనేవారు. "నోట్లో ముత్యాలు రాలిపోతాయా, ఊఁ ఏంటి ఊఁ?" అని దెప్పేది. ఇప్పుడా ఒక్క ఊఁ కోసం మోకరించి ఏడుస్తోంది.

డాడీ గొంతు కలుపుతారేమోనని తెచ్చిన సింథసైజర్ మీద ఆరన్ వేలు వేశాడు. శబ్దం మీదపడ్డట్టు వచ్చింది. సంతోషం గారు ఉలిక్కిపడ్డారు. ఆయన పెదవులు కదిలేసరికి శబ్దం అయిపోయింది.

"చూశావా! చంపేస్తావురా ఆయన్ని!"

"సారీ మమ్మీ. ఎన్వలప్ రాంగ్. ఎటాక్ పెంచాలి."

జయమణి చేతిలో జావ గ్లాసు జారి పడింది. "ఎటాక్ పెంచుతావా? కన్నతండ్రికి?"

బేస్‌మెంట్‌లో అద్దెకుండే మధుమిత కాలేజీకి పోతూ ఈ కేకలకి పైకి పరిగెత్తుకొచ్చింది. సంగతి విని, నవ్వు ఆపుకుంటూ, "ఆ ఎటాక్ కాదాంటీ!" అంది.

"ఎన్వలప్పంటే మరి? కానుక కవరు కాదూ?"

"నో మమ్మీ! సౌండ్ ఎలా లేవాలి, ఎలా నిలవాలి, ఎలా పోవాలి, అదే ఎన్వలప్. ఎటాక్ పెంచితే మెల్లగా లేస్తుంది. రిలీజ్ పెంచితే వేలు తీసేసినా వెంటనే పోదు. డాడీ కోసం వెయిట్ చేస్తుంది."

వెయిట్ చేస్తుంది. జయమణి గుండెలో ఆ మాటే పడింది. పొద్దస్తమానం ఏవండీ, ఏవండీ అని పిలుస్తూ, ఆయన నోరు తెరిచేలోపే మళ్ళీ పిలుస్తోంది తను.

ఆరన్ నాబ్‌లు తిప్పాడు. ఆ ఎన్వలప్‌నే సౌండ్‌ని మూసి తెరిచే ఫిల్టర్‌కి కూడా తగిలించాడు. ఈసారి మూసిన నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంటున్నట్టు, పొగమంచులో హార్బర్ అవతల్నించి ఓడ కూత వస్తున్నట్టు, సన్నగా మొదలై గదంతా నిండింది.

"ఏవండీ," అంది జయమణి. రెండోసారి పిలవకుండా కొంగుతో నోరు నొక్కుకుంది.

ఆరన్ వేలు తీశాడు. శబ్దం పల్చబడి, పల్చబడి పోయింది. పెట్టె ఆగిపోయింది. ఆయన గొంతు దగ్గర నరం ఒకటి కదిలింది, అంతే. మధుమిత తల దించుకుంది. అయిపోయింది ప్రభువా, ఇదీ అయిపోయింది, అనుకుంది జయమణి. అయినా నోటి మీంచి కొంగు తియ్యలేదు.

కుర్చీలోంచి, ఎక్కడో లోపల్నించి మెల్లగా లేస్తూ వచ్చింది.

"ఊఁ."