శుద్ధి చేసినకొద్దీ

ఆ ఇంటి పెద్దకోడలు రసాయనశాస్త్రం ప్రొఫెసరు. చిన్నకోడలికి అదే విశ్వవిద్యాలయంలో, రోడ్డుకు అవతలి భవనంలో, జీవశాస్త్రం ల్యాబు ఉంది. పెద్దావిడ తయారుచేసిన మందును చిన్నావిడ క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తుంది. తోడికోడళ్ళు ఒకే పరిశోధన చేస్తున్నారని విన్నవాళ్ళు ముందు ముచ్చటపడేవారు, కాసేపటికి జాలిపడేవారు.

పెద్దకోడలికి శుభ్రమంటే ప్రాణం. పనివాళ్ళు కడిగిన ఫ్లాస్కులను మళ్ళీ తనే కడుక్కునేది. మేడమ్ నీళ్ళను కూడా కడిగి వాడతారని విద్యార్థులు చాటుగా నవ్వుకునేవారు. అలాంటి మనిషి, సదస్సు నెత్తిమీదికి రావడంతో, మొదటి విడత మందును సరిగా శుద్ధి చేయకుండానే అవతలికి పంపింది. ఉండలు కట్టిన ఆ పసుపు పొడి తగలగానే కణాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి రెండుగా చీలలేదు.

ఆవిడ ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. మురికి సరుకే ఇంత చేస్తే మేలిమి సరుకు ఇంకెంత చేస్తుందోనని కొంగు బిగించింది. సిలికా పొడి కూరిన గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని పదేపదే దింపింది. పసుపు జిడ్డు పైనే చిక్కుకుంది. కిందికి దిగిన ద్రవం ఆరి తళతళలాడే తెల్లటి స్ఫటికాలయింది. జిడ్డును చెత్తలో వేయించి, స్ఫటికాలను స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చింది.

కణాలు వాటి మధ్య హాయిగా పిల్లాపాపలతో వర్ధిల్లాయి.

కణాలే పాడయ్యాయని పెద్దకోడలు తేల్చేసింది. మొన్న ఆగినవీ ఇవే కణాలని చిన్నకోడలు గుర్తుచేసి, పాత పొడే మళ్ళీ ఇమ్మంది.

"అది మురికి. నా చేత్తో దాన్ని ఎవరికీ ఇవ్వను," అంది పెద్దకోడలు.

ఇంకా శుద్ధి చేసింది. కణాలు ఇంకా వర్ధిల్లాయి. ఇంట్లో మాటలు బందయ్యాయి. ఇంక్యుబేటరులో వేడి సరిచూసుకోమని ఒకరు, సీసాలు ఎండలో పెట్టొద్దని ఇంకొకరు అత్తగారి ద్వారా కబుర్లు పంపుకునేవారు. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ విసిగిపోయి, తనకు అర్థంకాని మాటలు ఇకమీదట మోయనని చెప్పి లేచిపోయింది.

ఆ ఆదివారం పెద్దకోడలు ఒంటరిగా ల్యాబుకు వెళ్ళింది. కడగడానికి పెట్టిన గొట్టంలో పసుపు జిడ్డు ఇంకా అంటుకునే ఉంది. దాని మొహం చూడటానికే మనసొప్పలేదు. అయినా గోకి, సీసాలోకెత్తి, ఏమిటో చెప్పకుండా కొత్త విడతని మాత్రం రాసి పంపింది.

రెండు రోజులకు చిన్నకోడలే రోడ్డు దాటి వచ్చింది.

"అక్కా, ఈసారి భలేగా కుదిరింది. కణాలు కదిలితే ఒట్టు. ఎంత శుద్ధి చేశావేంటి?"

"అసలు చెయ్యలేదు. పారేసేది పంపాను."

చిన్నకోడలు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి మిగతాదంతా?"

మిగతాదాన్ని చెత్తబండి ఎప్పుడో తీసుకెళ్ళింది. మళ్ళీ చేద్దామంటే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇన్నాళ్ళలో చేయి ఎంతగా తిరిగిందంటే, ఆవిడ ఏం చేసినా మురికి పుట్టడమే మానేసింది. చివరికి విద్యార్థులంతా కళ్ళప్పగించి చూస్తుండగా ఆవిడ మంట పెంచి, ఫ్లాస్కును మాడబెట్టి, కలపడం ఆపేసి, చేయకూడనివన్నీ వరసపెట్టి చేసింది. అడుగున పసుపు రంగు తేలాక మాత్రం ఆ ఫ్లాస్కును కడగడానికి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పరిశోధన వ్యాసం ఇద్దరి పేర్లతో వచ్చింది. అందులో పసుపు పదార్థానికి నిండుగా ఒక పేరుంది. తెల్లటి స్ఫటికాల ప్రస్తావన ఒకే ఒక్క చోట, తొలగించాల్సిన మలినం అని ఉంది.

తర్వాతి సదస్సులో ఎవరో లేచి, మలినంలోనే మందుందన్న ఆలోచన ఎలా వచ్చిందని ప్రొఫెసరును అడిగారు.

"మొదటినుంచీ నాకు అనుమానంగానే ఉండేది," అందావిడ, గొంతు సవరించుకుని.

హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న తోడికోడలు అందరికన్నా కొంచెం ఎక్కువసేపు కొట్టింది.