ఇంటిపనికి కనీస వేతనమెందుకట

పనిచేసే ఇంట్లో స్నానాలగది పలకల సందుల్లో పేరుకున్న నలుపును పాత టూత్‌బ్రష్‌తో తోముతుంటే ఏప్రన్ జేబులో ఫోన్ మోగింది. ఒక చేతి రబ్బరు తొడుగు లాగేసి తీశాను. మా అబ్బాయి జేఉక్. మార్చితో కోడలు హ్యేరిన్‌కి బిడ్డ కోసం ఇచ్చిన సెలవు అయిపోతోందనీ, అప్పటినుంచి వాళ్ల బాబుని నేనే చూసుకోవాలనీ, ఈ పని మానేస్తున్నట్టు నన్ను ఇళ్లకు పంపే కంపెనీలో ముందే చెప్పెయ్యమనీ అన్నాడు. ఆదివారం ఇంటికొస్తాం, మాట్లాడుకుందాం అన్నాడు. ఫోన్ జేబులో వేసుకున్నాను. నురుగు ఎండితే మళ్లీ మొదటినుంచి తోమాలి. తొడుగు వేసుకుంటుంటే తట్టింది, వాడు నన్ను అడగలేదు, చెప్పాడు.

నా పేరు పిల్‌నమ్, తప్పకుండా మగపిల్లాడు అని అర్థం. నా తర్వాతైనా మగపిల్లాడు పుట్టాలని మా నాన్న పెట్టిన పేరు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు తక్కువ. ఇంట్లో నేను జేఉక్ అమ్మని, పనిచేసే ఇళ్లలో పిన్నిని. పిన్నీ, కాలర్లు చేత్తో ఉతుకు. పిన్నీ, ఫ్రిజ్ వెనక దుమ్ముంది చూడు. సియోల్‌లో ఇరవై ఏళ్లకు పైగా అందరికీ పిన్నిగానే ఉన్నాను. పిన్ని అంటే ఇంటిమనిషి కదా, ఇంటిమనిషికి సెలవు ఉండదు, జీతం పెరగదు, దెబ్బ తగిలితే దిక్కుండదు. ఒకసారి ఒక ఇంట్లో సబ్బునీళ్ల మీద జారి మణికట్టు విరిగింది. ఆ ఇంటావిడ చెడ్డదేం కాదు, ఆపిల్ పళ్ల పెట్టె పంపింది. కట్టు విప్పేలోగా నా చోట ఇంకొకామెను పెట్టుకుంది. కార్మికుల ఆఫీసుకి వెళితే అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కార్మిక చట్టం కిందికి రారండీ అని. ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "మరి నీదేమన్నా ఉద్యోగమా? ఇంట్లో చేసేదే వేరేవాళ్లింట్లో చేస్తున్నావు" అన్నాడు. ఆయన అప్పట్లో సిటీ బస్సు డ్రైవరు. ఇంట్లో బస్సు నడపడు కాబట్టి ఆయనది ఉద్యోగం.

తర్వాత మాలాంటివాళ్ల కోసం చట్టం వచ్చింది. గుర్తింపు ఉన్న కంపెనీ ద్వారా పనిచేస్తే మేమూ కార్మికులమేనట. గంటకు కనీస వేతనం, దెబ్బ తగిలితే బీమా, జీతంతో సెలవు. యాభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఉద్యోగ ఒప్పందం మీద సంతకం చేశాను. సెలవు పెట్టిన రోజుకి కూడా జీతం పడితే, పొరపాటున వేశారేమోనని కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినమ్మాయి నవ్వి, అది మీకు రావలసిందేనండీ పిల్‌నమ్ గారూ అంది. ఆసుపత్రిలో తప్ప నా పేరు పక్కన గారు వినడం అదే మొదలు. కంపెనీ శిక్షణలో నా పక్కన ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన జెనలిన్ కూర్చునేది. ఆరేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. వచ్చీరాని కొరియన్‌లో నన్ను అక్కా అంటూ, శుభ్రం చేసే మందుల సీసాల మీద రాసినవి చదివించుకునేది. మధ్యాహ్నం నా డబ్బాలో కింబాప్, ఆ నాచులో చుట్టిన అన్నం, సగం తనకి పెట్టేదాన్ని. ఇద్దరం ఒకే రకం పలకలు తోమడం నేర్చుకున్నాం, ఒకే జీతానికి.

ఆదివారం ముల్లంగి వేసి గొడ్డుమాంసం పులుసు కాచాను, చేపలు కాల్చాను. మా ఆయనా జేఉక్కూ తింటున్నారు. హ్యేరిన్ ఒళ్లో మనవడు ఇయాన్ గింజుకుంటున్నాడు, ఆ పిల్ల గిన్నెలో అన్నం ముట్టుకోలేదు. నేను ముళ్లు తీసి పెట్టిన చేపముక్క నోట్లో పెట్టుకుంటూ జేఉక్ సంగతి మొదలుపెట్టాడు. విదేశీ పనిమనిషిని పెట్టుకుందామనీ చూశారట. లెక్క వేస్తే హ్యేరిన్ జీతమంతా దానికే పోతుందట.

"అసలు ఆ బయటిదేశం ఆడవాళ్లకి కనీస వేతనమెందుకో నాకర్థం కాదు" అన్నాడు. "ఇంటిపనేగా. ప్రతి తల్లీ ఊరికే చేసేదే."

"అదే కదా నేననేది" అందుకున్నాడు మా ఆయన. "ఊళ్లోవాళ్ల పిల్లల ముడ్లు కడిగే బదులు సొంత మనవడిది కడగరాదూ, జేఉక్ అమ్మా."

ఊరికే చేసేదే అన్న మాట జేఉక్ కోపంతో అనలేదు, నన్ను గాయపరచాలనీ అనలేదు. అందుకే అంత లోతుగా దిగింది. ఇదే మాట మా అత్త అంది, మా ఆయన అన్నాడు, ఇళ్ల యజమానురాళ్లు మర్యాదగా పండుగ బహుమతిలో చుట్టి ఇచ్చారు. వాళ్లన్నప్పుడు చెవిన పెట్టకుండా పాత్రలు తోముకున్నాను. కానీ వీడు నా కడుపున పుట్టినవాడు. వీడి ట్యూషన్ ఫీజులు, కాలేజీ చదువు, ఈ ఇంటి అద్దె అడ్వాన్సు ఎవరి స్నానాలగదుల్లోంచి వచ్చాయో వీడికి తెలుసు. బడిలో స్నేహితులు అడిగితే మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది అని చెప్పేవాడు, నేనూ సరేననుకున్నాను, పిల్లాడికి చిన్నతనం కదా అని. ఇప్పుడు చూస్తే వాడు అప్పుడు అబద్ధమాడలేదు. వాడి లెక్కలో నేను నిజంగానే ఏ పనీ చెయ్యలేదు. ఆ లెక్కలోనే జెనలిన్ కూడా ఉంది, కూతుర్ని సముద్రం అవతల వదిలి, ఊరికే చేసే పని చెయ్యడానికి వచ్చి. నా ఎదురుగా కూర్చున్న ఈ పిల్ల కూడా ఉంది.

హ్యేరిన్ తల వంచుకునే మెల్లగా అంది. "ముందు అత్తయ్యని అడుగుదామన్నాను నేను."

"అడిగేదేముంది, అమ్మకి మనవడంటే ఇష్టముండదా?"

నేను చెంచా కింద పెట్టాను. "ఇయాన్ అంటే నాకు ప్రాణం. శనివారం శనివారం వస్తాను, నాన్నమ్మగా వస్తాను. మిగతా రోజులు నాకు ఉద్యోగముంది."

"మరి వాణ్ణెవరు చూస్తారమ్మా?"

"మనిషిని పెట్టుకోండి. ఎక్కడినుంచి వచ్చినా సరే, చట్టం చెప్పినంతా ఇవ్వండి. నాకిచ్చేదీ అంతేరా."

"అంత మా వల్ల కాదని చెబుతున్నాగా."

"అయితే నువ్వు సెలవు పెట్టు. తండ్రులకీ ఇస్తారటగా."

వాడు నవ్వాడు. "నేనా? ఆఫీసులో ఏమనుకుంటారు?"

"ఊరికే చేసేదే కదరా. నీకేం కష్టం?"

నా గొంతు పెరగలేదు. అప్పుడు హ్యేరిన్ లేచి, ఇయాన్‌ని తీసుకెళ్లి జేఉక్ ఒళ్లో కూర్చోబెట్టింది. తిరిగొచ్చి చల్లారిన అన్నం గిన్నె ముందుకు లాక్కుని, ఎవరివైపూ చూడకుండా తినడం మొదలుపెట్టింది. నేను లేచి ఆ పిల్లకి వేడి పులుసు పోశాను.

తర్వాత చాలా రోజులు జేఉక్ నాకు ఫోన్ చెయ్యలేదు. నువ్వసలు కన్నతల్లివేనా అని మా ఆయన రోజూ సణిగాడు. నేను పొద్దున్నే లేచి పనికి వెళ్లాను. మెట్రోలో ఎవరి పసిపిల్లాడు ఏడ్చినా ఇయాన్ గొంతులాగే వినిపించేది. చివరికి హ్యేరిన్ చెప్పింది, ఆయన సెలవుకి అర్జీ పెట్టారత్తయ్యా, ఇంట్లో మాకు పెద్ద గొడవే అయింది, కానీ పెట్టారు అని.

ఏప్రిల్‌లో ఒక శనివారం వెళ్లాను. హ్యేరిన్ ఇంకా నిద్ర లేవలేదు. జేఉక్ ఇయాన్‌ని వీపుకి కట్టుకుని, వంటింటి సింకు దగ్గర నిలబడి, గిన్నెలో అన్నంలో నీళ్లు పోసుకుని గబగబా తింటున్నాడు. చొక్కా భుజం మీద పిల్లాడి గంజి ఎండిపోయి ఉంది. బాబుని ఇటివ్వు అని చేతులు చాచాను. వాడు ఇవ్వకుండా అలాగే నిలబడి నా వంక చూశాడు.

"అమ్మా, నా చిన్నప్పుడు నువ్వు అన్నం ఎప్పుడు తినేదానివి?"

ఆలోచించాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.