ఒక్కడి నొప్పి తప్ప

పొద్దున్నే కడుపు నిండా తిననిదే థెమెలీనా ఆసుపత్రి మెట్లెక్కదు. మందపాటి రొట్టె ముక్కలు, వాటి మీద తేనె, ఓ గుప్పెడు ఆలివ్ కాయలు. ఖాళీ కడుపు మీద పరాయివాళ్ళ నొప్పి పడితే కళ్ళు తిరుగుతాయని ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలిసొచ్చింది.

గ్రీసులోని కాలిమ్నోస్ దీవికి డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు ఆస్గర్ మంచివాడే గానీ, అతని గ్రీకు "శుభోదయం" దగ్గరే ఆగిపోయింది. అందుకని థెమెలీనాని దుబాసీగా పెట్టుకున్నారు. రోగి తన బాధ గ్రీకులో చెప్తాడు. ఆ మాట ఇంగ్లీషులోకి మారేదాకా నొప్పి ఆమె ఒంట్లో ఉంటుంది. సరైన మాట దొరికి డాక్టరు చెవిన పడగానే సొంతదారు దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. ఊళ్ళో దీన్నెవరూ వింతగా చూడరు. "ఇవాళ నాది కాస్త బరువు తల్లీ, ముందు నువ్వు కూర్చో," అని కుర్చీ జరుపుతారు, అంతే.

ఒకరోజు సెవస్తీ ముసలమ్మ వచ్చింది.

"వీపులో చువ్వ గుచ్చి నిప్పుల మీద తిప్పుతున్నట్టుందే అమ్మాయ్."

థెమెలీనా నడుం పట్టుకుని బల్ల మీదికి వంగిపోయింది.

"ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమనండి," అన్నాడు డాక్టరు.

"నొప్పి ఎంతో అంకె చెప్పాలట, అవ్వా."

"అంకేమిటే? నేనేమన్నా ఆక్టోపస్ అమ్ముతున్నానా, కిలోల్లో చెప్పడానికి? ఆయనకి చువ్వంటే తెలీకపోతే ఈస్టరు రోజు మా ఇంటికి రమ్మను, చువ్వకి గుచ్చి కాల్చే గొర్రెపిల్లని చూపిస్తాను!"

థెమెలీనా నవ్వుతూ, మూలుగుతూ ఆ చువ్వనీ నిప్పులనీ ఇంగ్లీషులో చెప్పింది. ఆమె వీపు తేలికపడింది. ముసలమ్మ మళ్ళీ "అమ్మో" అంది.

ఇలా ఊరందరి నొప్పులూ ఆమె ఒంట్లో ఓ ఘడియ మకాం చేసి పోయినవే. పెళ్ళి కాని మనిషికి పురిటి నొప్పులూ తెలుసు. ఒక్కడి నొప్పి తప్ప అన్నీ తెలుసు.

ఆ ఒక్కడు సాకెలారిస్. స్పాంజీల కోసం సముద్రం అడుగుకి దిగేవాడు. వయసులో ఉండగా, పడవలు బయల్దేరే రోజున రేవులో ఆమె చెయ్యి పట్టుకుని, "చలికాలానికి వచ్చేస్తా, మీ నాన్నతో మాట్లాడతా," అన్నాడు. రావడం వచ్చాడు. లోతు నుంచి గబుక్కున పైకి తేలిన దెబ్బకి ఒక కాలు చచ్చుబడి, కర్ర పట్టుకుని వచ్చాడు. ఆమె ఇంటికి మాత్రం రాలేదు. అతనూ పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు రేవులో స్పాంజీలు అమ్ముకుంటాడు. కాలి సంగతెత్తితే చాలు, తల వంచుకుని స్పాంజీలు సర్దడం మొదలుపెడతాడు.

నిజం చెప్పాలంటే ఆమె దుబాసీ ఉద్యోగానికి ఒప్పుకున్నదే అతనికోసం. ఏదో ఒకనాడు ఆసుపత్రి తలుపు తోసుకుని రాకపోతాడా, అతని నొప్పి ఒక్కసారైనా తన ఒంట్లోకి రాకపోతుందా అని ఆమె ప్రాణం కొట్టుకునేది. తలుపు చప్పుడైన ప్రతిసారీ తలెత్తి చూసేది. అతను రాలేదు.

ఈస్టరు వారంలో చర్చి ముందు వయొలిన్ పాటకి డైవర్ల ఆట ఆడతారు. అందరూ చేతులు కలిపి వరుస కడితే, ముందున్నవాడు కాలు పడిపోయిన డైవరులా కర్ర మీద వణుకుతూ, పడుతూ లేస్తూ ఆడాలి. చివరికి కర్ర విసిరేసి గంతెయ్యాలి. కుర్రవాళ్ళయితే నటిస్తారు. సాకెలారిస్‌కి నటించే పనిలేదు కనక ఏటా అతన్నే ముందుకి తోస్తారు. చివరి గంతుకి మాత్రం పక్కవాళ్ళు భుజాలు పట్టి లేపుతారు.

ఆ ఏడు అతను మునుపెన్నడూ లేనంతగా వణికాడు.

"ఓపా! ప్రాణం పెట్టి ఆడుతున్నాడురా!" అని అరిచారు జనం. వయొలిన్ వేగం పెరిగింది. సాకెలారిస్ కుప్పకూలాడు. చప్పట్లు హోరెత్తాయి. అందరితో పాటు థెమెలీనా కూడా కొట్టింది. కర్ర దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చినా, అతను దానికోసం చెయ్యి చాపలేదు. అప్పుడు ఆగింది వయొలిన్.

డాక్టరు చేతిలో మాంసం ముక్క పారేసి పరిగెత్తాడు. "ఎక్కడ నొప్పో అడగండి!"

"సాకెలారిస్, ఎక్కడ నొప్పి?"

చెమటలు కక్కుతూ అతను చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. "ఏం లేదు. తాగింది ఎక్కువైంది. నన్ను లేపండి చాలు."

"అంతే అంతే, నీళ్ళు చల్లండి," అన్నారెవరో.

అప్పటికే ఆ "ఏం లేదు" థెమెలీనా ఒంట్లోకి దిగిపోయింది. గుండె మీద బండ పెట్టినట్టయింది. దవడ బిగుసుకుంది. ఎడమ చెయ్యి వేళ్ళ దాకా లాగేసింది. దాని అడుగున ఇంకో నొప్పి తగిలింది, చాలా పాతది. ఆమె ఉండే సందు మొదట్లో ఒక కుంటివాడు చలికాలం సాయంత్రాలు నిలబడి, ఆమె కిటికీలో దీపం చూసి, అడుగు ముందుకి పడక వెనుదిరిగిన నొప్పి. అన్నేళ్ళ ఆశ ఒక్కసారిగా మీద పడేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమంటున్నాడు?"

రోగి అన్నదే చెప్పాలి, సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. ఇన్నేళ్ళలో ఆమె ఏనాడూ ఆ కట్టు దాటలేదు.

"గుండె," అంది థెమెలీనా. "బండ పెట్టినట్టుంది. దవడ, ఎడమ చెయ్యి కూడా. త్వరగా చూడండి డాక్టర్!"

బండ ఆమె మీంచి దిగిపోయింది. రెండో నొప్పికి కూడా ఆమె దగ్గర ఇంగ్లీషు మాట ఉంది. చెప్పలేదు, మింగేసింది. అది ఆమె దగ్గరే ఉండిపోయింది.

హెలికాప్టర్‌లో సాకెలారిస్‌ని ఏథెన్స్ తీసుకెళ్ళారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు అక్కడ. వేసవంతా ఆమె ఆ పాత నొప్పిని మోస్తూనే ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. ఇంటికి వస్తుంటే సందు మొదట్లో కాళ్ళు కదిలేవి కావు. అక్కడ నిలబడి తన కిటికీని తనే చూసుకునేది.

ద్రాక్షలు పండే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఏథెన్స్ ఓడ కూత వినిపించింది. కాసేపటికి సందులో కర్ర చప్పుడు. సందు మొదట్లో ఆగింది. థెమెలీనా చేతిలో పని వదిలి తలుపు తీసింది. చప్పుడు మళ్ళీ మొదలై, దగ్గరై, గుమ్మం ముందుకి వచ్చింది.

"నాదొకటి నీ దగ్గర ఉండిపోయినట్టుంది," అన్నాడు సాకెలారిస్. "సందు మొదట్లో ఎప్పుడూ కాళ్ళకి అడ్డం పడేది. ఇవాళ లేదు."

"నా దగ్గరే ఉంది. ఎలా మోశావయ్యా ఇన్నేళ్ళు, మొండి మనిషీ?"

"ఇచ్చెయ్. నాది నేను మోసుకుంటా."

"ఇవ్వను. ఇస్తే మళ్ళీ అక్కడే ఆగిపోతావు."

గడప ఎత్తుగా ఉంది. అతను కర్ర గోడకి ఆనించాడు. థెమెలీనా అతని భుజం పట్టి లోపలికి దాటించింది.