నాకు కనపడని వాన

నేను ఒక రాడార్‌ని. వానను వెతకడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో పుట్టి, లారీ మీద ఒళ్ళు హూనం చేసుకుని, సముద్రపు ఒడ్డునున్న కొండమీదికి చేరాను. తుఫానుల గుట్టు విప్పడానికి తెచ్చిన నాకు మొట్టమొదట జరిగిన మర్యాద ఏమిటనుకున్నారు? గుమ్మడికాయతో దిష్టి తీసి, మెడకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు! కింద పేట జనం నన్ను 'పెద్ద మూకుడు' అన్నారు. పేరు బాగానే ఉంది, నాకేం కోపం రాలేదు.

నన్ను ఏలుకున్నది డాక్టర్ పైడితల్లి. ఆ పేటలోనే పుట్టి, వాతావరణ శాస్త్రం చదివి, మళ్ళీ ఆ కొండకే వచ్చిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నేను విసిరే తరంగం చినుకులకు తగిలి వెనక్కొస్తే తెరమీద రంగు పడుతుంది. చిరుజల్లయితే పచ్చ, జడివానయితే ఎరుపు. కానీ నాకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. దగ్గర్లో కుండపోతగా కురిస్తే నా తరంగాన్నంతా ఆ వానే మింగేస్తుంది. దాని వెనకాల ప్రళయం వచ్చినా నాకు కనపడదు. తెరమీద అక్కడ ఉత్త ఖాళీ. పైడితల్లి పరిశోధనంతా ఆ ఖాళీ మీదే.

"ఒరే, ఖాళీ అంటే వాన లేదని కాదు, దీనికి కనపడలేదని! ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు?" అంటూ శిష్యుల్ని మొట్టినంత పని చేసేది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను తిన్నగా మా మీదికే వచ్చింది. పైడితల్లి తమ్ముడు తవుడు వ్యాను నడిపేవాడు. పేటలోని ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకుని, వాళ్ళని ఊళ్ళోకి చేర్చడానికి బయల్దేరుతూ అక్కకు ఫోన్ చేశాడు.

"అప్పా, ఏ దారిన ఎల్లమంతావు? ఒడ్డు దారా, గెడ్డ దారా? బేగి చెప్పు, పిల్లలు ఏడుత్తన్నారు."

తెరమీద ఒడ్డు దారి పొడుగునా ఎరుపే. దాని వెనక, కొండల మధ్య వాగు దాటి పోయే గెడ్డ దారి ఖాళీగా ఉంది. పైడితల్లి ఆ ఖాళీని చూసింది. శిష్యులకు చెప్పిన మాట తనకు గుర్తురాలేదా అంటే, వచ్చిందనే అనుకుంటాను. నోరు తెరిచి ఒక్క క్షణం ఆగింది. కానీ మనుషులు చిత్రమైనవాళ్ళు. పరాయివాళ్ళ దగ్గర ఉండే తెలివి, అయినవాళ్ళ ప్రాణం మీదికొచ్చేసరికి ఆశలో కొట్టుకుపోతుంది.

"గెడ్డ దారిన పోరా తవుడూ, అటేపు ఖాళీగా ఉంది" అంది.

నాకు నోరుంటే కొండ దద్దరిల్లేలా అరిచేదాన్ని. లేదు. గిరగిరా తిరిగాను, అంతే.

దగ్గరి వాన కాస్త తెరిపిచ్చాక నా తరంగం లోపలికి పోగలిగింది. గెడ్డ దారంతా ఎరుపే! ఆమె ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. అవతల మోగలేదు. మర్నాడు వరద తీశాక వ్యాను గెడ్డ ఇసుకలో చక్రాలు పైకి పెట్టి కనిపించింది. అందులో ఎక్కినవాళ్ళు ఒక్కరూ బతకలేదు.

శాఖ పెద్దలు వచ్చి గొడుగుల కింద నిలబడి విచారణ చేశారు. యంత్రమే తప్పు చూపించిందని తేల్చారు. నోరులేనిదాని మీద నింద వెయ్యడం ఎంత సుళువు! నాకు దిష్టి తీసినవాళ్ళే నాది పాడు చూపన్నారు. పైడితల్లి తల వంచుకుని నిలబడింది. అవుననలేదు, కాదనలేదు. నన్ను కొండ దించేశారు.

ఇప్పుడు పాత ఇనుము కొట్టువాడి దొడ్లో వెల్లకిలా పడి ఉన్నాను. నా మూకుట్లో వాననీళ్ళు నిలిస్తే కాకులొచ్చి తాగుతాయి. జీవితమంతా వెతికిన వాన నా ఒళ్ళో నిలిచింది ఇక్కడే.

నిన్న పైడితల్లి వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. "ఏటమ్మా, కొంతారా?" అని కొట్టువాడు అడిగాడు. ఆమె నా అంచుమీద చెయ్యి వేసి, చిన్నప్పటి పేట మాటలో అంది.

"నీకు అగుపడలేదే తల్లీ. నాకు తెలుసు."