ఇనాం ఇచ్చేదాకా వేషం దించం

మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని ఈ ఎడారి దేశపు సర్కారు పెట్టిన రోజులు నిన్నటితో అయిపోయాయి. కాగితం మీద ఎండాకాలం వెళ్ళిపోయింది. అల్ రయ్యాన్‌లో కడుతున్న ఆ భవనం మీది ఇనుప చువ్వలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పన్నెండున్నరకు లింగన్న వాటి మీదే బోర్లా పడ్డాడు.

నర్సింలు ఉరికొచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఫోర్‌మన్ నాగూర్ గొడుగు కిందినుంచే వంగి చూసి నవ్వాడు.

"ఇదేంటయ్యా, మీవాళ్ళు ఎండలోనే పుట్టారని కదా పైన వేశాను! సరే, ఆసుపత్రికి పంపండి. శనివారం నుంచి వీడి చోట నువ్వెక్కు నర్సింలూ."

అదీ నాగూర్ న్యాయం. తెలుగోడు ఎండకు, నేపాలోడు ఎత్తుకు, బంగ్లాదేశోడు మురుగ్గుంటకు. నాగూర్‌దీ మన తెలుగే, కోస్తా వైపు. భాష ఒకటైతే ఏం లాభం? గొడుగు ఒక్కడికే ఉంది.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం క్యాంపు మెస్సులో కంపెనీ 'దేశదేశాల కళలు' అని సభ పెట్టింది. వెస్ట్ బే ఆఫీసు నుంచి పెద్ద సార్లు వస్తారట. నర్సింలుది పగటి వేషాలు కట్టే ఇల్లు, తాతల నాటి విద్య. పొద్దున్నే మెస్సులో మొదలుపెట్టాడు. కళ్ళు చిన్నవి చేసి, ఈల వేసి, నిలబడే కునుకు తీసే నేపాలీ గూర్ఖాను అచ్చు దించేశాడు. తెలుగువాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మూలన అన్నం తింటున్న నేపాలీ మహతో పళ్ళెం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

క్రేన్ నడిపే నిజామాబాద్ ఇర్ఫాన్ ఒక్కడే నవ్వలేదు.

"క్యా రే నర్సింలూ, మస్తు నవ్విచ్చినవ్. నిన్న లింగన్న పడ్డప్పుడు నాగూర్ సుత గిట్లనే నవ్విండు గదా?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది నర్సింలుకు. ఎంత సిగ్గు! తిన్నగా మహతో గదికి పోయాడు. వెనకే ఇర్ఫాను, మరో పదిమంది.

"తప్పయింది భాయ్," అన్నాడు హిందీలో.

మహతో మంచం మీద జరిగి చోటిచ్చాడు. "మాది కొండ కాదు," అన్నాడు. "బల్లపరుపు వరిపొలాల ఊరు. కొండను నేను బస్సు కిటికీలోంచి చూసినోణ్ణి. పద్నాలుగో అంతస్తులో కాళ్ళు వణుకుతున్నాయంటే నాగూర్ నవ్విండు. నడుముకు కట్టే బెల్టు గూడా ఇయ్యలేదు."

నర్సింలుకు తాత మాట గుర్తొచ్చింది. 'బలిసినోని వేషం కట్టు బిడ్డా. బక్కోని వేషం కట్టి తిన్న బువ్వ అరగది.'

"నాగూర్ వేషం కడత," అన్నాడు.

"పిచ్చి లేశిందా?" గదిమాడు వెంట వచ్చిన తెలుగోడు నగేష్. "టికెట్ కొట్టి పంపుతరు. ఇంటికి ఏం మొఖం పెట్టుకొని పోతవ్?"

"రేపు గా చువ్వల మీద నేను పడితే పీనుగై పెట్టెల పోత. అప్పుడు ఏ మొఖం ఉంటదే?"

నగేష్ లేచి నీళ్ళ సీసాల అట్టపెట్టెలు చింపడం మొదలుపెట్టాడు.

సాయంత్రం తెల్ల హెల్మెట్టు, గొడుగు, ముందుకు తోసిన పొట్టతో నర్సింలు వచ్చాడు. అచ్చం నాగూరే! "యల్లా, యల్లా! నడవండి!" అంటూ ఒక్కొక్కరి మెడలో అట్టలు తగిలించాడు. నగేష్‌కు 'ఎండ పురుగు', బంగ్లాదేశ్ వాడికి 'మురుగు చేప', మహతోకు 'కొండ మేక'. మెస్సంతా నవ్వులే నవ్వులు. మహతోను బల్లలపై బల్లలు పేర్చి ఎక్కించాడు. పైన మహతో కాళ్ళు నిజంగానే వణికాయి. అది నటన కాదని తెలిసి నవ్వు ఆగిపోయింది.

నర్సింలు ముందు వరసలో కూర్చున్న నాగూర్ దగ్గరికి పోయి చెయ్యి చాచాడు.

"దొరా, ఎవని వేషం కడితే వాడే ఇనాం ఇయ్యాలె. ఇచ్చేదాంక వేషం దించం, అది మా ఇంటి కట్టు. ఫులూస్ వద్దు, పైసలు వద్దు. మిట్టమధ్యాహ్నం నీడ ఇయ్యి. ఎక్కేటోనికి బెల్టు ఇయ్యి."

నాగూర్ పక్కనున్న పెద్ద సార్ల వైపు చూశాడు. వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

"రేపు నీకు టికెట్ కొట్టిస్తాను, చూడు!"

శనివారం పొద్దున సైటు గేటు దగ్గర బస్సులు ఆగాయి. నర్సింలు హెల్మెట్టుతో, గొడుగుతో దిగాడు. వెనక నగేష్ మెడలో అట్ట. మహతో మెడలో అట్ట. నాలుగు బస్సులు దిగినా అట్టలేని మెడ లేదు. రాత్రికి రాత్రి ఎన్ని పెట్టెలు చింపారో!

"తీసెయ్యండ్రా! లోపలికి నడవండి!" నాగూర్ గొంతు చించుకున్నాడు. ఎవరూ కదల్లేదు. గేటు ముందే చతికిలపడ్డారు. ఇర్ఫాన్ క్రేన్ తాళం జేబులో వేసుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాడు.

కంపెనీ కారు వచ్చింది. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు నర్సింలు రెక్కలు పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. హెల్మెట్టు తీసి మహతో నెత్తిన పెట్టాడు, గొడుగు చేతికిచ్చాడు.

"ఇగ నీదే భాయ్."

కారు కదిలింది. మహతో కాళ్ళు ఈసారి వణకలేదు. గొడుగు విప్పి, పొట్ట ముందుకు తోసి, నాగూర్ ముందు చెయ్యి చాచాడు.

"ఇనాం!"

అతని వెనక రెండువందల చేతులు ముందుకొచ్చాయి.