దాపల, వలపల

మా ఆయన తిమ్మరాజుకు ఈ లోకంలో నమ్మకం లేనివి రెండే రెండు. ఒకటి మెకానిక్కులు, రెండోది నా డ్రైవింగు.

మెకానిక్కుల సంగతి ఆయన ఉద్యోగం తెచ్చిపెట్టిన జబ్బు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌ సూపర్‌వైజరు. పొద్దస్తమానం ఇంకొకరు చేసిన పనిలో తప్పు పట్టడమే పని. ఆ అలవాటు మత్తిగిరిలోని మా ఇంటి దాకా వచ్చేసింది. సాంబారులో ఉప్పు తక్కువైతే అందరు మొగుళ్లలాగా మూతి ముడుచుకుని ఊరుకోడు, గిన్నె పక్కకు జరిపి "రిజెక్ట్" అంటాడు. అలాంటి మనిషి తన కారును ఎవడో నూనె చేతుల మనిషికి అప్పగిస్తాడా? చచ్చినా అప్పగించడు.

ఇక నా డ్రైవింగు. నేను డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి నేర్చుకున్నాను, టెస్టులో మొదటిసారే పాసయ్యాను, లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ లైసెన్సు నా పర్సులో ఉంటుంది. ఆయనకు ప్రాణమైన తెల్ల అంబాసిడరు వాకిట్లో ఉంటుంది. ఈ రెండూ కలవకుండా ఆయన ఏళ్ల తరబడి కాపలా కాశాడు. ఒకసారి క్లచ్చు గట్టి అంటాడు, ఒకసారి స్టీరింగు లాగుతోంది అంటాడు, ఇంకోసారి ఎండ ఎక్కువ అంటాడు. స్టీరింగు నా చేతికి ఇచ్చిన పాపాన మాత్రం పోలేదు.

ఇంతలో నాకు ప్రమోషన్ వచ్చింది. హోసూరులో ఫైళ్ల మధ్య కూర్చునే గుమాస్తాను కాస్తా కృష్ణగిరిలో ఒక సర్కారు ఆఫీసుకు సూపరింటెండెంటునయ్యాను. అందరూ స్వీట్లు అడిగారు. నాకు స్వీట్లు కాదు, ఇంకొకటి కావాలనిపించింది. జాయినింగ్ రోజు ఆ ఆఫీసు గేటులోంచి నా కారు నేనే నడుపుకుంటూ లోపలికి పోవాలి. బస్సు దిగి, చీర దులుపుకుంటూ, గేటు యాడ ఉందని అడుక్కుంటూ పోకూడదు. ఇంత చిన్న కోరిక. ఒళ్లంతా పట్టుకుంది.

"జాయినింగ్ నాడు కారు నేనే తోలుకోని పోతానప్పా," అన్నాను.

"యాడికి?"

"కృష్ణగిరికి. ఇంక యాడికి, కాశీకా?"

"ముందర చక్రాల కాడ టకటకా అంటాంది, విన్లేదా? సస్పెన్షన్ పూరా పోయిండాది. ఆ బండిని హైవే మీద ఒక ఆడ..." అని, నా మొహం చూసి మిగతా మాట మింగేశాడు. "మొత్తం విప్పి కొత్తగా చేస్తా. ఇంట్లోనే. నా చేత్తో. చేసినాక చూద్దాం."

ఆయన చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచీ ఊటీ పోదామంటే చూద్దాం అంటూనే ఉన్నాడు.

మరుసటి ఆదివారమే కారు ముందు చక్రాలు ఊడాయి. మొద్దుల మీద ముక్కెత్తుకుని నిలబడింది. ఆయన ఫోనులో వీడియో పెట్టుకుని కిందకు దూరడం, కాసేపటికి తిట్టుకుంటూ బయటకు రావడం, మళ్లీ వీడియో చూడటం. నట్లన్నీ నా ఇడ్లీ రేకుల్లో చేరాయి. గుంటకొక నట్టు, ఎంత చక్కగా అమరాయో! కిరసనాయిలు కంపుకు పక్కింటి పిల్లి కూడా మా గోడ ఎక్కడం మానేసింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక గంట, ఆదివారమైతే పూటంతా అదే పని. ఆయన అక్క నాగక్కది వెనక వీధే. పొద్దూకితే చాలు, వచ్చి అరుగు మీద కూర్చుని వక్క నములుతూ చూసేది.

"మే మంజూ, వీడు కారు బాగు చేస్తాండాడా, లేకుంటే నీ పయనం నిలిపేస్తాండాడా?" అంది ఒకరోజు, ఆయనకు వినపడేలాగే.

నా అనుమానమూ అదే. కానీ పాపం, మనిషి కష్టపడుతున్నది మాత్రం నిజం. మోచేతులు చీరుకుపోయాయి. అరిగిపోయిన రబ్బరు బుష్షులన్నీ పీకి కొత్తవి దిగ్గొట్టాడు. తుప్పును గీకి గీకి ఇనుమును అద్దంలా చేశాడు. నాకు చూపించి, "ఎట్లుండాది?" అని చిన్నపిల్లవాడిలా అడిగేవాడు. కోపం ఉన్నా కాదనలేక బాగుందనేదాన్ని.

ఈ కారుకు ముందు వైపు స్ప్రింగులు ఉండవట. వాటికి బదులు ఒక్కో చక్రానికి ఒక్కో పొడుగాటి ఇనుప కడ్డీ, కారు కింద వెనక్కి బారుగా పడుకుని ఉంటుంది. టార్షన్ బార్ అంటాడు ఆయన. చక్రం గుంతలో పడినప్పుడల్లా అది మెలి తిరిగి, మళ్లీ సర్దుకుంటుంది. ఆ రెండు కడ్డీలూ ఊడదీసిన రోజు ఆయన నాకు పెద్ద పాఠమే చెప్పాడు.

"చూడు మంజూ, ఇదే ముఖ్యం. ఇన్నేండ్లూ ఇది ఒక పక్కకే మెలి తిరిగింది, అది ఇంకో పక్కకి. దాన్ది దీంట్లో పెట్టినామంటే అయిపోయినట్లే. బండి ఒక పక్కకి కుంగిపోతాది. చూసేదానికి రెండూ ఒకటే మాదిరి ఉంటాయి కాబట్టి గుర్తు రాసి పెట్టు."

తెల్ల పెయింటు తెచ్చి నేనే రాశాను. ఒకదాని మీద 'దా', ఇంకోదాని మీద 'వ'. మాది రాయకోట పక్కన సేద్యం ఇల్లు. మా నాయన ఏనాడూ ఎడమ ఎద్దు, కుడి ఎద్దు అన్నది లేదు. కాడికి ఎడమ పక్కన కట్టేది దాపటిది, కుడి పక్కన కట్టేది వలపటిది. ఆయనా సేద్యగాళ్ల ఇంట పుట్టినవాడే. అక్షరాలు చూసి తల ఊపాడు.

"దాపల, వలపల. బాగుండాది," అన్నాడు. "పాస్."

ఆయన నోట ఆ మాట విన్నది అదే మొదటిసారి. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

జాయినింగ్ దగ్గరకొచ్చింది. ముందు రోజు హోసూరు ఆఫీసులో నాకు వీడ్కోలు టీ. ఆయన సెలవు పెట్టి పొద్దున్నే కారు కిందకు దూరాడు. నేను శాలువా కప్పించుకుని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసరికి కడ్డీలు ఎక్కాయి, చక్రాలు బిగిశాయి. ఆయన స్నానం కూడా చేసి, ఉతికిన పంచె కట్టుకుని నా కోసం ఆగి ఉన్నాడు. నాగక్క హారతి పళ్లెం ఒక్కటే తేలేదు.

"దింపుతా చూడు," అని జాకీ దింపాడు.

కారు మెల్లగా నేలకు దిగింది. దిగి, నిట్టూర్చినట్టుగా ఒక చప్పుడు చేసి, ఎడమ పక్కకు ఒరిగి కూర్చుంది.

నాగక్క పక్కకు వంగి, తల కూడా వంచి చూసింది. "ఏమిరా తిమ్మా, కారు ఒత్తిగిలి పండుకున్నట్లుంది?"

"కొత్త బుష్షులు కదక్కా. ఒక రౌండు కొడితే సర్దుకుంటాది," అని పశువుల ఫారం దాకా పోయి వచ్చాడు. ఏం సర్దుకుంటుంది? పోయినప్పుడు ఎట్లా ఒరిగి పోయిందో అట్లాగే ఒరిగి తిరిగి వచ్చింది. వీధిలో క్రికెట్టు ఆడే పిల్లలు ఆట ఆపి చూశారు.

నేను కొంగు దోపుకుని కింద కూర్చుని లోపలికి చూశాను. స్టీరింగు ఉన్న వైపు, అంటే కారుకు కుడి వైపు, నా చేత్తో రాసిన 'దా' తెల్లగా నవ్వుతూ కనిపించింది.

"అయ్యో నీ పాసుగుల! దాపటిదాన్ని తీసకపోయి వలపల పెట్టినావు కదప్పా!"

"నేను దాపలే పెట్టినాను," అన్నాడు, రోషంగా. వచ్చి కారుకు ఎదురుగా, బానెట్టు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఎత్తాడు. "ఇదే కదా నా ఎడమ చెయ్యి?"

"నీ ఎడమ చెయ్యి ఎవురికి కావల్ల? ఎద్దుకి ఎదురుగా పోయి నిలబడితే దాపటెద్దు వలపటెద్దయిపోతాదా?"

"ఎద్దుల్ని ఎనకాల నుంచి తోల్తారు! ఇది ముందర నుంచి చేసే పని! ఫ్యాక్టరీలో ఏ పార్టయినా మనకి ఎదురుగా పెట్టుకునే కదా..." అంటూ అంటూనే ఆయన గొంతు సన్నబడింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మన తాత బతికుంటే నిన్నే కాడికి కట్టుంటాడు," అంది నాగక్క. "ఏ పక్కన కట్టేదో మంజునే అడిగి కట్టుంటాడు."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఇన్ని ఆదివారాలు, చీరుకుపోయిన ఆ మోచేతులు, అద్దంలా గీకిన ఆ ఇనుము. నాకు జాలేసింది. జాలి వెనకాలే ఒళ్లు మండింది. తెల్లారితే జాయినింగ్! మళ్లీ బస్సే గతి! విసురుగా పోయి డ్రైవరు సీటులో కూర్చుని తలుపు దడాలున వేసుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"కదలొద్దు!" అని అరిచాడు ఆయన.

ఏమైందో అనుకున్నాను. లోపలికి పరుగెత్తి మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చాడు. ముందు బంపరు మీద అడ్డంగా పెట్టి, కళ్లు చికిలించి చూశాడు. "నీ బరువుకే సగానికి సగం సరిపోయింది మంజూ! అట్లే ఉండు!" వెనక తలుపు తీసి సరిగ్గా నా వెనకాల సీటులో ఎక్కి కూర్చున్నాడు. "అక్కా, బుడగ మధ్యలోకి వచ్చిందా చూడు!"

నాగక్క వంగి చూసింది. "వచ్చిందిరా. నీదేముంది, ఎండిన మునక్కాయ. అంతా మా మంజు బరువే."

ఆయన మొహం వెలిగిపోయింది. కారు దిగి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడి, ఫ్యాక్టరీలో మీటింగు పెట్టినట్టు చెప్పాడు. "రేపటికి మళ్లా విప్పేదానికి టైము లేదు. నిదానంగా పోతే ఏమీ కాదు. నేను తోలితే ముందర బరువు చాలదు. నువ్వు తోలు, నేను నీ ఎనకాల కూర్చుంటా. లోడు సమంగా ఉంటాది. ఆదివారం విప్పి మార్చేస్తా," అని తాళం నా చేతిలో పెట్టాడు.

ఎన్నేళ్ల కోరిక! తీరే తీరు ఇదా? నేను అడిగింది స్టీరింగు. ఆయన ఇచ్చింది బరువు పెట్టే చోటు. నా చోట ఒక రాగుల మూట కూర్చోబెట్టినా ఆయన పని జరిగిపోతుంది, కాకపోతే రాగుల మూటకు లైసెన్సు ఇవ్వరు. ఆ తాళం ఆయన మొహాన కొట్టి బస్సెక్కుదామన్నంత కోపం వచ్చింది. కానీ తాళం చేతిలో పడ్డాక ఇచ్చేయడానికి మనసొప్పలేదు. ఏ కారణంగా ఇస్తేనేం, ఇచ్చాడు.

పొద్దున్నే బయలుదేరాం. కొత్త పట్టుచీర, పక్క సీటులో ఎవరూ లేరు, వెనక మా ఆయన. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి మరీ తొడుక్కున్నాడు. నా బ్యాగు, టిఫిన్ క్యారియరు ఆయన ఒళ్లో. బరువు కుడి పక్కనే ఉండాలట. హైవే ఎక్కేదాకా "బ్రేకు, బ్రేకు" అని నా వీపు వెనక నుంచి ఒకటే గొణుగుడు. లారీ కనిపిస్తే చాలు, తన కాలితో నేలను తొక్కేవాడు. నేను పట్టించుకోలేదు. ఆ బండి నా చేతికి ఎంత బాగా అమరిందో! శూలగిరి కొండలు పక్కనుంచి వెనక్కి పోతుంటే గట్టిగా పాడాలనిపించింది. కాసేపటికి వెనక నుంచి చప్పుడు లేదు. అద్దంలో చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నా డ్రైవింగును నమ్మని మనిషి నా డ్రైవింగులోనే గురక పెడుతున్నాడు! ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

కృష్ణగిరిలో ఆఫీసు గేటు ముందుకు వచ్చి హారన్ కొట్టాను. వాచ్‌మన్ చూశాడు. తెల్ల అంబాసిడరును చూసి టోపీ సర్దుకున్నాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. నా గుండె పొంగిపోయింది. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది. మెట్ల ముందు తీసుకుపోయి, ఒక్క కుదుపు లేకుండా ఆపాను.

వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి నా తలుపు దాటిపోయాడు. వెనక తలుపు తీసి, కాలు నేలకు కొట్టి సెల్యూట్ చేశాడు.

"వణక్కం సార్! కొత్త సూపరింటెండెంట్ సార్ ఇవాళ వస్తారని చెప్పినారు. నా పేరు ముత్తు సార్."

మా ఆయన అప్పుడే కళ్లు తెరిచాడు. సెల్యూట్ చూశాడు. దేనికో ఏమిటో అడగాలి కదా? అడగలేదు. గొంతు సవరించుకుని, "ఊఁ, వణక్కం," అన్నాడు. దిగాడు కూడా.

ముత్తు ఆయన చేతిలోని బ్యాగు, క్యారియరు అందుకుని, నా కిటికీ వైపు వంగాడు. "డ్రైవరమ్మా, సారు దిగినారు కదా, బండి ఆ షెడ్డులో పెట్టుమ్మా. ఈడ పెట్టకూడదు." చెప్పి మెట్ల వైపు నడిచాడు. వాడి వెనకాల, మా ఆయన! చొక్కా ముడతలు లాగుకుంటూ, ఒక మెట్టు, రెండు మెట్లు ఎక్కేశాడు.

నేను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. లోపల గుమాస్తాలందరూ కిటికీల దగ్గరికి వచ్చారు. అప్పుడు దిగాను. నేను దిగగానే కారు మూలుగుతూ ఎడమ పక్కకు ఒరిగిపోయింది. ముత్తు కారును చూశాడు, నన్ను చూశాడు, మా ఆయనను చూశాడు.

"కొత్త సూపరింటెండెంటు నేనేనప్పా," అన్నాను, అందరికీ వినపడేలా. "ఆయన నా మొగుడు. బరువు కోసం తెచ్చుకున్నాను."

తాళం మా ఆయన చేతిలో పెట్టి, షెడ్డు ఏ పక్కన ఉందో వేలితో చూపించి, ముత్తు దగ్గర నా బ్యాగు తీసుకుని మెట్లెక్కాను.