ఉత్తరపు కిటికీలో నాచు

"వాచీల మీద కప్పే మూత తీసుకెళ్ళి బురద మీద కప్పుతావా? నీకేమైనా మతి ఉందా?" అన్నాడు భర్త, ఆ పొద్దున మూడోసారి.

"బురద కాదండీ, నాచు," అంది ఆమె. "ఇంకా మొలవలేదు, అంతే."

"మొలిస్తే ఒరిగేదేమిటట? ఊరంతా గీకి పారేసేదాన్ని నువ్వు జోలపాడి పెంచుతున్నావు."

అతను గడియారాలు బాగుచేస్తాడు. ఎండ పడకుండా రోజంతా ఒకే తీరున వెలుతురుండేది ఆ ఇంట్లో ఉత్తరపు కిటికీ దగ్గరే. అతని బల్ల ఎప్పట్నుంచో అక్కడే ఉంది. నాచుకు కావలసిందీ ఆ వెలుతురే.

పెరట్లో బట్టలుతికే బండకూ గోడకూ మధ్య ఎండ ఎరగని జాగా ఒకటుంది. అక్కడ ఆమె ఏం నాటినా బతకలేదు. చివరికి పాత ఇటుకల మీది నాచు కంటపడింది, ఆ జాగాలో పరచడానికి దాన్నే పెంచాలనుకుంది. సన్నటి కాడల కొసన గోధుమరంగు తిత్తులు. వాటిని తుంచి, కాగితంలో ఆరబెట్టి, నలిపితే విత్తనమనడానికి కూడా లేని మెత్తని పొడి రాలింది. జల్లించిన మట్టిని పళ్ళెంలో పరిచి, వాననీటితో తడిపి, ఊపిరి బిగబట్టి ఆ పొడి చల్లింది. తడి ఆరకుండా ఏదైనా కప్పాలి. చేతికందింది గాజు మూత.

"నీ పళ్ళెం వచ్చినప్పట్నుంచీ నా పని సాగడం లేదు. ఆ చెమ్మకి వాచీల మరమేకులు వేళ్ళకి అంటుకుంటున్నాయి, జారిపోతున్నాయి."

"అంటుకుంటున్నాయా, జారిపోతున్నాయా? ఏదో ఒకటి చెప్పు నాన్నా," అంది కూతురు జడ అల్లుకుంటూ.

అత్తగారు మంచం మీంచి కిసుక్కున నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట, నీలాంటివాడే!"

అతను కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకున్నాడు. అది చూసింది భార్య ఒక్కతే. కొన్నాళ్ళుగా చూస్తూనే ఉంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం, జారిన చక్రం కోసం బల్ల కింద తడుముకోవడం. అడిగితే కసురుకుంటాడు. అడక్కపోతే ఎవరి వాచీయో పాడుచేసి, ఇన్నేళ్ళ పేరు పోగొట్టుకుంటాడు.

ఒక ముసురు మధ్యాహ్నం పళ్ళెంలో మట్టి మీద పచ్చటి మరకలు కనిపించాయి. నాచులా లేవు, ఎవరో రంగు ఒలకబోసినట్టున్నాయి.

"పాచిపోయినట్టుందండీ. మీ మూత మీరు తీసుకోండి," అంది నీరసంగా.

అతను కంటికి భూతద్దం తగిలించుకుని పళ్ళెం మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"పాచిపోవడం కాదే, దారాలు! ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పోతున్నాయి. ఇదిగో, చూడు."

భూతద్దంలోంచి ఆమె ఒక అడవిలోకి దిగింది. పచ్చటి గాజుపోగులు, వాటి మీద దీపాల్లా నీటిచుక్కలు. అక్కడక్కడ వేలెడు వెడల్పు కూడా లేని మైదానాలు. వెనక గోడ మీది గడియారాలన్నీ తలో వేళా చెబుతున్నాయి. ఆ అడవిలో మాత్రం ఏ వేళా కాలేదు. పక్కన అతని ఊపిరి వినిపిస్తోంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచినట్టుంది.

"అదుగో, మధ్యలో గడ్డిమొలక. తీసేద్దామా?" అని అతను సన్న పట్టకారు అందుకున్నాడు.

పట్టకారు మొన వణికింది. గడ్డితోపాటు పచ్చటి దారాలూ చీలి, పళ్ళెమంతా చెదిరిపోయాయి. ఇద్దరూ ఆ చేతినే చూశారు. వాన చూరు మీంచి కారుతోంది.

"పాడుచేశాను," అన్నాడు.

"లేదండీ. తెగిన ముక్క పడ్డచోటే మళ్ళీ అంటుకుంటుందట."

"నాచు కాబట్టి సరిపోయింది. అదే వాచీ అయితే..."

ఆమె చెయ్యి వెళ్ళి అతని చేతి మీద ఆనింది. అతను కసురుకోలేదు.

సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నాక, అత్తగారు కూరలో ఉప్పు తక్కువైందని మొదలుపెట్టబోతుండగా, అతను తలెత్తాడు.

"అమ్మా, నువ్వూ వినవే చిట్టితల్లీ. నా చెయ్యి వణుకుతోంది. ఇక చేతివాచీలు తీసుకోను, గోడగడియారాలే చేస్తాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, నేనూ మీ అమ్మా."